పిల్ల వింటూ ఉంటుంది

చిరంజీవి కిరణ్‌కు, చి. ల. సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

మీరిద్దరూ దత్తతకు పేరు నమోదు చేసుకుంటున్నారని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మను నిద్రలేపి మరీ చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లేచి దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఇంతలో మీ నాన్న ఇంకో మాట అన్నాడు: "బిడ్డ వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దంటున్నాడు అన్నయ్యా. వచ్చాక కూడా మన నలుగురి మధ్యే ఉంచుదామంటున్నాడు." అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో చెప్తే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

ముందు తేలిక పనులు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్‌లోనే నమోదు చేసుకోండి. మీ ఇల్లు, పరిస్థితులు చూసే హోమ్ స్టడీకి సోషల్ వర్కర్ వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చిన్న పిల్లల కోసమైతే ఎదురుచూపు మూడేళ్ళు దాటుతోంది, ఓపిక పట్టాలి. బిడ్డ వివరాలు పంపాక ఒప్పుకోవడానికి 48 గంటలే ఇస్తారు కాబట్టి, మెడికల్ రిపోర్టు చదివి చెప్పే పిల్లల డాక్టర్ని ఇప్పుడే చూసి పెట్టుకోండి. మీ చెల్లిని దత్తత తెచ్చుకున్నప్పుడు మేము సిటీ సివిల్ కోర్టు చుట్టూ తిరిగాం. మీకు ఆ తిప్పలు లేవు, 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఆర్డరు కలెక్టరే ఇస్తున్నారు.

"మాకు తెలిసిన చోట బిడ్డ ఉంది, రేపే ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే, వాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా సరే, ఆ మాట అక్కడే ఆపెయ్యండి. 2024లో మేడిపల్లి పోలీసులు పసిపిల్లల్ని అమ్మే ముఠాను పట్టుకున్నప్పుడు ఏం జరిగిందో చూశాం కదా. ముద్దుగా పెంచుకుంటున్న ఇళ్ళ నుంచి పిల్లల్ని తీసుకెళ్ళి ప్రభుత్వ శిశువిహార్‌లో పెట్టారు. ఆ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ వార్తలు చదివిన రోజుల్లో మీ పెద్దమ్మకు అన్నం సహించలేదు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఎవరికీ చెప్పొద్దన్నావు కదా, దాని గురించి.

మా మేనత్త కొడుకు ఒకాయన ఉండేవాడు, మీ నాన్నకు బాగా తెలుసు. ఆయన పెంచుకున్న అబ్బాయి ఇప్పుడు పిల్లాపాపలతో ఉన్నాడు కాబట్టి పేర్లు రాయను. పెళ్ళై పదేళ్ళైనా మా బావ వాళ్ళకు పిల్లలు లేరు. ఊళ్ళో వాళ్ళ మాటలు పడలేక ఏం చేశారంటే, బావ భార్య కడుపుకు గుడ్డలు చుట్టుకుని నెలల తరబడి తిరిగింది. తర్వాత పురుడని వరంగల్లులో వాళ్ళ పుట్టింటికి వెళ్ళి, ఏదో నర్సింగ్ హోమ్ నుంచి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. దత్తత కాగితం అంటూ ఒక్కటీ లేదు. జనన సర్టిఫికెట్‌లో కన్న తల్లిదండ్రులుగా వీళ్ళ పేర్లే రాయించారు. బారసాల ఘనంగా చేశారు. మేమంతా భోజనాలు చేసి, బిడ్డకు బట్టలు పెట్టి వచ్చాం. వచ్చిన ప్రతి ఒక్కరికీ విషయం తెలుసు. వంట చేసినావిడకు కూడా తెలుసు.

ఇరవై రెండేళ్ళ పాటు ఆ పిల్లవాడు గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. పెళ్ళిళ్ళలో ముసలమ్మలు వాడి గడ్డం పట్టుకుని మొహంలోకి చూసి, పక్కవాళ్ళ వైపు తిరిగేవాళ్ళు. వాడు గమనించలేదనుకున్నాం. తర్వాత చెప్పాడు, అన్నీ గమనించాడట. తనలోనే ఏదో తేడా ఉందనుకుని ఊరుకున్నాడట.

బావ పోయాడు. అంబర్‌పేట శ్మశానంలో, తడి బట్టలతో, చేతిలో నిప్పు పట్టుకుని ఆ కుర్రాడు నిలబడి ఉన్నాడు. అప్పుడు వాళ్ళ బాబాయి ముందుకొచ్చి, "తలకొరివి వీడెలా పెడతాడు? మా ఇంటి రక్తం కాదుగా. నేను పెడతాను" అన్నాడు. పాతికమంది విన్నారు. ఆ పిల్లవాడు నా వైపు తిరిగి "మామయ్యా, బాబాయి ఏమంటున్నాడు?" అని అడిగాడు. పురోహితుడు మంచివాడు. "పెంచిన కొడుకే కొడుకు, కానివ్వండి" అని గద్దించాడు. తలకొరివి వాడే పెట్టాడు. కానీ ఏ కబురు తండ్రి ఒళ్ళో కూర్చుని వినాలో, ఆ కబురు తండ్రి చితి ముందు విన్నాడు.

ఆ తర్వాత ఇంటి కోసం బాబాయిలు కోర్టుకెక్కారు. దత్తత వచ్చిన బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా హక్కులుంటాయని 1956 హిందూ దత్తత చట్టంలోనే ఉంది. కానీ దత్తత జరిగిందని చూపించడానికి కాగితం ఉండాలి కదా. ఉన్న ఒక్క సర్టిఫికెట్టూ అబద్ధం. చివరికి సగం ఇల్లు వదులుకుని రాజీపడ్డాడు. తల్లితో చాలా కాలం మాట్లాడలేదు. "నన్ను పెంచుకున్నారన్న బాధ లేదు మామయ్యా. అందరికీ తెలిసి నాకొక్కడికే తెలియలేదు చూడు, అది తట్టుకోలేకపోయాను" అన్నాడు నాతో.

కిరణ్, నువ్వు దాచిపెట్టాలనుకుంటున్నది చెడు ఉద్దేశంతో కాదని నాకు తెలుసు. బిడ్డను ఎవరూ ఏమీ అనకూడదనే. బావ కూడా అందుకే దాచాడు.

మీ చెల్లికి మాటలు రాకముందే మీ పెద్దమ్మ దానికి చెప్పడం మొదలుపెట్టింది. అన్నం పెడుతూ, జడ వేస్తూ, "నిన్ను తెచ్చుకున్న రోజు ఎంత వానో తెలుసా, ఆటోలో నాన్న చొక్కా విప్పి నీకు కప్పాడు" అని. అది దానికి ఇష్టమైన కథ. నిద్రొస్తే "ఆటో కథ చెప్పు" అని అడిగేది. మీరూ అలాగే చెప్పండి. పెద్దయ్యాక ఒకరోజు కూర్చోబెట్టి చెప్తామనుకోవద్దు.

చెప్పినంత మాత్రాన జనం ఊరుకుంటారని అనను. అంటారు. 1999లో, మళ్ళీ 2001లో, తండాల నుంచి ఆడపిల్లల్ని కొని విదేశాలకు దత్తత ఇస్తున్నారని మన హైదరాబాద్ సంస్థల మీద పేపర్లలో పెద్ద గొడవైంది. ఆ రోజుల్లో విద్యానగర్‌లో మా వీధి చివర కూరగాయల బండి దగ్గర ఒకావిడ, చెల్లి పక్కనే ఉండగా, "మీరెంతకు కొన్నారు?" అని అడిగింది. బెండకాయలు ఏరుతూ, ధర అడిగినట్టే అడిగింది. చెల్లికి ఐదేళ్ళు. నాకు చెయ్యి లేచింది. మీ పెద్దమ్మ మాత్రం నిదానంగా, "మా అమ్మాయండీ. కోర్టు ఆర్డరు మా బీరువాలో ఉంది" అని, వెంటనే కింద కూర్చుని చెల్లి మొహంలోకి చూసి, "ఆంటీకి తెలియదమ్మా, అందుకే అలా అడిగింది. నువ్వెలా వచ్చావో నీకు తెలుసుగా?" అంది. "తెలుసు, ఆటోలో" అంది చెల్లి.

నేను మీకు చెప్పదలుచుకున్నది ఇదే. ఎవరేం అన్నా, మీ జవాబు పక్కనున్న పిల్ల కోసం చెప్పండి. అన్నవాళ్ళ నోరు మూయించాలని చూస్తే మీ గొంతులో కోపమే పిల్ల చెవిన పడుతుంది. తన వల్లే గొడవ అనుకుంటుంది.

"ఎంత పుణ్యాత్ములు, అనాథకు జీవితం ఇచ్చారు" అని పొగుడుతారు. మొదట్లో నాకూ బాగానే అనిపించేది. పిల్ల వింటుందని గుర్తొచ్చాక, "మాకు పిల్ల కావాలి, తెచ్చుకున్నాం. అదృష్టం మాదే" అని ఆపేసేవాణ్ణి. రోజూ మనకు రుణపడి ఉన్నాననుకుంటూ ఏ బిడ్డా పెరగకూడదు. "దత్తత తీసుకుంటే మీకూ కడుపు పండుతుందట" అనేవాళ్ళూ ఉంటారు. ఇంకో బిడ్డ కోసం ఈ బిడ్డను తెచ్చుకోలేదని వెంటనే చెప్పండి. ఈ మాట మాత్రం వినీ విననట్టు వదిలెయ్యొద్దు.

"కన్నతల్లి వచ్చి తీసుకుపోతే?" అని భయపెడతారు. బిడ్డను అప్పగించిన తల్లి మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇస్తుంది. అది దాటాకే బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డను దత్తతకు ఇవ్వొచ్చని ప్రకటిస్తుంది. ఆర్డరు వచ్చాక అది మీ బిడ్డే. ఆ తల్లి గురించి మాత్రం మీ ఇంట్లో ఎవరూ తప్పుగా మాట్లాడకుండా చూసుకోండి. 18 ఏళ్ళు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి బిడ్డ తనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా అడిగిన రోజు మొహం చిన్నబుచ్చుకోకండి. చెల్లి అడిగిన రోజు మీ పెద్దమ్మ తనే ఫైలు తీసి ఇచ్చింది.

"ఏ రక్తమో, ఏ కులమో" అన్నది పెద్దవాళ్ళ నోట వస్తుంది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడిలో అర్చన చేయిస్తుంటే, పూజారిగారు గోత్రం అడిగేలోపే మా పిన్ని "ఆ పిల్లకేం గోత్రం?" అంది. నేను నా గోత్రం, దాని పేరు గట్టిగా చెప్పాను. పూజారిగారు చదివేశారు. అంతకంటే వాదన అక్కర్లేదు.

మాధవీ, నీ ఆఫీసులో "కనలేదుగా, సెలవెందుకు?" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. 2017 సవరణతో పెంచుకునే తల్లికి 12 వారాల సెలవు చట్టంలో చేర్చారు గానీ, బిడ్డకు మూడు నెలల లోపు వయసుండాలని అప్పుడు మెలిక పెట్టారు. నేను పైన చెప్పిన 60 రోజులు, ఆ తర్వాత కాగితాలు అన్నీ అయ్యేసరికి ఆ వయసు దాటిపోయేది. కాబట్టి ఇప్పుడు నియమం ఎలా ఉందో, మీ కంపెనీ సొంతంగా ఏం ఇస్తుందో హెచ్ఆర్‌ను ఇప్పుడే అడుగు. కనకపోయినా కొత్త చోటికి వచ్చిన బిడ్డకు రాత్రుళ్ళు నువ్వే కావాలి.

కిరణ్, "లోపం ఎవరిలో?" అని అడుగుతారు. ఎప్పుడూ ఆడమనిషినే అడుగుతారు, వంటింట్లో, నువ్వు లేనప్పుడు. ఆ ప్రశ్న మాధవి దాకా రాకుండా చూసే పని నీది. మీ అత్తయ్యలతో, పిన్నులతో నువ్వే ముందు మాట్లాడు, "ఆ విషయం మా ఇద్దరిదీ, మళ్ళీ ఎత్తొద్దు" అని. ఈ పని ఆమెకు వదిలేస్తే మాత్రం నీ మీద నాకు కోపం వస్తుంది.

"బయటి పిల్ల ఎందుకు, అన్నయ్య పిల్లల్లో ఒకర్ని తెచ్చుకోవచ్చుగా" అని కూడా అంటారు. దీని గురించి నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు పుట్టినప్పుడు మీ నానమ్మ నిన్ను మాకు ఇచ్చెయ్యమంది. "నీకు ఇద్దరయ్యారు, వాళ్ళకు ఒక్కరూ లేరు" అని మీ అమ్మతో అంది. మీ అమ్మ అత్తగారి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. ఏమీ అనలేదు. ఒళ్ళో ఉన్న నీ మీద కొంగు కప్పుకుని తల వంచుకుంది. మీ పెద్దమ్మ అది చూసి, "మాకొద్దు అత్తయ్యా, కావాల్సినప్పుడు మేమే తెచ్చుకుంటాం" అంది. నువ్వంటే ఇష్టం లేక కాదు నాన్నా. నువ్వు మా ఇంట్లో వేసవి సెలవులన్నీ గడిపావు, నీకు సైకిల్ నేర్పింది నేను. ఒక తల్లి తల వంచుకుని ఇచ్చే బిడ్డ మాకు వద్దనుకున్నాం. మీరూ ఎవరింట్లోనూ ఆ మాట రానివ్వకండి.

దాచవలసింది కూడా ఒకటుంది. బిడ్డను దత్తత తెచ్చుకున్నామని అందరికీ చెప్పండి, స్కూల్లో చెప్పండి, డాక్టరుకు చెప్పండి. వంశంలో షుగరుందా అని అడిగితే "తెలియదు" అని సూటిగా చెప్పండి. కానీ ఎక్కడ దొరికింది, ఎవరు వదిలారు, ఎందుకు వదిలారు అన్నది బిడ్డ సొంత విషయం. మీ నాన్నకు చెప్పొద్దు, నాకూ చెప్పొద్దు. మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే పేరు, పుట్టినరోజు రాస్తే చాలు.

నమోదుకు తెలిసినవాళ్ళ నుంచి రెండు రిఫరెన్స్ లెటర్లు అడుగుతారు. ఒకటి నేను రాస్తాను. రెండోది చెల్లి రాస్తానంది, పొద్దున్నే ఫోన్ చేసి అడిగింది. ఫార్మాట్ ఏమైనా ఉంటే ఈ ఆదివారం లోపు పంపు.

మీ
పెదనాన్న