నాన్నగారి కర్ణాటక సంగీతం సీడీలు ఎంపీ3 చెయ్యాలి, 320 పెట్టాలా, వి0 పెట్టాలా?

మీరు అడిగింది ఇదీ అని అర్థమైంది: నాన్నగారివి ఓ 200 సీడీలున్నాయి, ఎక్కువ కచేరీలు, కొన్ని పాత సినిమా పాటలు, కార్లో పెన్‌డ్రైవ్ పెట్టుకుని, ఫోన్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి, ఫ్రెండేమో 320 సీబీఆర్ (పాటంతా సెకనుకి ఒకేలా 320 కిలోబిట్లు) తప్ప ఏదీ ముట్టుకోవద్దన్నాడు, ఇంకో చోటేమో వి0 (అవసరాన్ని బట్టి బిట్లు మారే పద్ధతిలో పై క్వాలిటీ) అని చదివారు. నేను మా ఇంట్లో ఇదే పని చేశానండి, మా మామయ్య ఇచ్చిన వయొలిన్, మృదంగం సీడీలతో మొదలెట్టి చాలా రోజులు దీంట్లోనే పడి ఉన్నా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు. సీడీలన్నీ ఫస్ట్ ఫ్లాక్‌లోకి (క్వాలిటీ ఏమాత్రం పోకుండా సైజు తగ్గించే ఫార్మాట్) రిప్ చేసి, అంటే కంప్యూటర్లోకి కాపీ చేసి, ఒక హార్డ్‌డిస్క్‌లో భద్రంగా పెట్టుకోండి. ఆ ఫ్లాక్ నుంచి కారుకి లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌తో వి2 (వి0 కన్నా రెండు మెట్లు కింద), ఫోన్‌కి ఎంపీ3 కన్నా కొత్తదైన ఓపస్ ఫార్మాట్‌లో 128. అంతే, మిగతా స్విచ్‌లు వేటినీ కదపక్కర్లేదు.

ఫ్లాక్ ఎందుకంటే, 320నా వి0నా అనే గొడవంతా ఒక్కసారే రిప్ చేసి ఆ ఎంపీ3నే శాశ్వతంగా దాచుకుందాం అనుకోవడం వల్ల వస్తోంది. ఫ్లాక్ ఉంటే ఇవాళ వి2 చేస్తారు, రేపు కారు మారిస్తే ఇంకోటి చేస్తారు, సీడీ మళ్ళీ బయటికి తియ్యక్కర్లేదు. లెక్క చూడండి, సీడీ అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో, అంటే 1411 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు), గంట సీడీ దాదాపు 635 ఎంబీ. ఫ్లాక్‌లో అది సుమారు సగానికి వస్తుంది, 350 ఎంబీ అనుకుందాం, 200 సీడీలకి 70 జీబీ. ఈ రోజుల్లో 70 జీబీ ఒక లెక్కా. అదే వి2 అయితే సగటున 190 కేబీపీఎస్ చొప్పున మొత్తం 17 జీబీ, వి0 అయితే 245 దగ్గర 22 జీబీ, 320 అయితే 29 జీబీ. ఫ్లాక్‌లో లెవెల్ 0 నుంచి 8 దాకా ఉంటుంది, అది క్వాలిటీ అనుకుని కంగారు పడేవాళ్ళున్నారు, కాదు, ఏ లెవెల్ అయినా బయటికొచ్చే ఆడియో బిట్టు బిట్టూ ఒకటే, సైజు, ఎన్‌కోడింగ్ టైమ్ మాత్రమే మారతాయి, డీఫాల్ట్ 5 అలాగే వదిలేయండి. ఇంకో మంచి విషయం, ఫ్లాక్ ఫైల్ లోపలే అసలు ఆడియోకి ఎండీ5 చెక్‌సమ్ (ఆడియో మారిందో లేదో పట్టిచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) ఉంటుంది, ఐదేళ్ళ తర్వాత హార్డ్‌డిస్క్ మీద అనుమానం వస్తే టెస్ట్ పెట్టి ఏ ఫైల్ చెడిపోయిందో కనుక్కోవచ్చు. ఎంపీ3 ఫార్మాట్‌లో అలా అసలు ఆడియో చెక్‌సమ్ ఉండదు.

రిప్పింగ్‌కి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్ అయితే ఎక్స్ఎల్‌డీ. ఇవి ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌తో పోల్చి మీ రిప్ వేరేవాళ్ళ రిప్‌తో కలిసిందో లేదో చెప్తాయి, కానీ మన లోకల్ కంపెనీల కచేరీ సీడీలు చాలావరకు అందులో ఉండవు, "డేటాబేస్‌లో లేదు" అని వస్తే భయపడకండి. అప్పుడు టెస్ట్ అండ్ కాపీ అని ఆప్షన్ ఉంటుంది, అదే ట్రాక్‌ని రెండుసార్లు చదివి రెండు సీఆర్‌సీలు (ఇవీ చెక్‌సమ్‌లే) ఒకటేనా అని చూపిస్తుంది, ఒకటే అయితే దాదాపు నిశ్చింతే. గీతలు పడ్డ సీడీని మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపుకి తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు.

ఇక అసలు విషయం, 320 గొప్పదా అని. మీ ఫ్రెండ్ చెప్పింది తప్పని అనను, 320 అంటే ఎంపీ3 ఫార్మాట్‌లో పై గీత, దాని కన్నా ఎక్కువ లేదు. కానీ సీబీఆర్ ఏం చేస్తుందంటే తంబురా ఒక్కటే మోగుతున్నా సెకనుకి 320 కిలోబిట్లే ఇస్తుంది, తని ఆవర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మృదంగం ఘటం కంజీర మూడూ కలిసి వాయించేస్తున్నా అదే 320. వీబీఆర్ (వి0, వి2 ఇవే) అలా కాదు, క్వాలిటీ ఇంత కావాలి అని మనం చెప్తే ఎక్కడ ఎన్ని బిట్లు కావాలో ఎన్‌కోడర్ చూసుకుంటుంది, ఆలాపన దగ్గర తగ్గుతుంది, తని దగ్గర పెరుగుతుంది, మరీ అవసరమైన ఫ్రేమ్‌కి 320 దాకా కూడా వెళ్తుంది. వి0 దగ్గర్నుంచి వి9 దాకా స్కేలు, సంఖ్య పెరిగే కొద్దీ క్వాలిటీ తగ్గుతుంది, ఇది తిరకాసుగా అనిపిస్తుంది కానీ అలవాటైపోతుంది. పాత గైడ్లలో ప్రీసెట్ స్టాండర్డ్, ప్రీసెట్ ఎక్స్‌ట్రీమ్ అని కనిపిస్తే అవి వి2, వి0లే, ఇన్సేన్ అంటే 320.

మన సంగీతానికి ఎంపీ3 ఎక్కడ దొరికిపోతుందో చెప్తా, ఇది చాలామంది ఇంగ్లీషు గైడ్లు రాయవు ఎందుకంటే వాళ్ళ టెస్ట్ శాంపిల్ క్యాస్టనెట్స్ అనే చిడతల్లాంటి వాద్యం, మనకి ఘటం. ఎంపీ3 శబ్దాన్ని బ్లాకులుగా తీసుకుంటుంది, మామూలు బ్లాకు ఒక్కో అడుగుకి 576 శాంపిళ్ళు (శబ్దపు కొలతలు, సీడీలో సెకనుకి 44,100) జరుగుతుంది, అంటే 13 మిల్లీసెకన్లు. కంప్రెషన్ వల్ల వచ్చే నాయిస్ ఆ బ్లాకంతా పరుచుకుంటుంది. బ్లాకు మొదట్లో నిశ్శబ్దం ఉండి చివర్లో ఘటం మీద వేలు పడిందనుకోండి, దెబ్బ కన్నా ముందే సన్నగా "స్" మని ఊపిరి వదిలినట్టు వినిపిస్తుంది, తర్వాత దెబ్బ పడుతుంది కానీ దాని పదును పోయి ఉంటుంది, కంచు తాళాలు అయితే ఇంకా అన్యాయం, ఖణీమని మోగాల్సింది ఇసక రాల్చినట్టు ఉంటుంది. దీన్నే ప్రీ-ఎకో అంటారు. ఎన్‌కోడర్ ఇలాంటి చోటు కనిపెట్టి 192 శాంపిళ్ళ చిన్న బ్లాకులకి మారుతుంది, మంచి ఎన్‌కోడర్‌కీ చెత్త ఎన్‌కోడర్‌కీ తేడా చాలావరకు ఇక్కడే. అయినా 192 అంటే 4 మిల్లీసెకన్ల పైమాటే, అది ఫార్మాట్ హద్దు, 320 పెట్టినా ఆ హద్దు మారదు. ఏఏసీ అనే ఇంకో ఫార్మాట్‌లో చిన్న బ్లాకు 128 శాంపిళ్ళు, ఓపస్ 2.5 మిల్లీసెకన్ల దాకా దిగుతుంది, అందుకే తక్కువ బిట్‌రేట్‌లోనూ మృదంగం దెబ్బ వాటిల్లో శుభ్రంగా ఉంటుంది.

నేను ఇవన్నీ ఏబీఎక్స్ పెట్టి విన్నా. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఆ కాంపొనెంట్ ఉంది, ఏ ఒరిజినల్, బీ ఎంపీ3, ఎక్స్ ఈ రెంటిలో ఏదో చెప్పకుండా వినిపిస్తుంది, మీరు పేరు చూడకుండా చెప్పాలి. 16 సార్లలో 12 అయినా కరెక్ట్ చెప్తేనే నిజంగా తేడా వినబడుతోంది అని ఒప్పుకోవాలి, ఊరికే గుడ్డిగా నొక్కితే 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కరెక్ట్ వచ్చే ఛాన్స్ 4 శాతం కూడా లేదు. 128 సీబీఆర్ నేను ఇయర్‌ఫోన్స్‌లో సులువుగా పట్టేశా, తాళాలు వింటే చాలు. వి2 దగ్గరికొచ్చేసరికి గాత్రం, వయొలిన్, వీణ ఏదీ పట్టుకోలేకపోయా, ఒకే ఒక్క ఘటం ముక్క మాత్రం పట్టుకున్నా, కానీ వినండి, అదే ముక్కని 320లో కూడా పట్టుకున్నా! వి0 ఆ ముక్కని బాగుచెయ్యలేదు, 320 బాగుచెయ్యలేదు, ఓపస్ 128లో మాత్రం నాకు తేడా తెలీలేదు. అందుకే ఎంపీ3కి వి2 దాటి బిట్లు పోస్తే నా చెవికి ప్రయోజనం లేదని అంటున్నా. మీ చెవులు నాకన్నా చురుగ్గా ఉండొచ్చు, ఓ సాయంత్రం కూర్చుని మీ సీడీల్లోంచే తని ఆవర్తనం తీసుకుని టెస్ట్ చేసుకోండి, వి2లో తేడా వినపడితే వి0కి వెళ్ళండి, అప్పుడు అది మీ అనుభవంతో తీసుకున్న నిర్ణయం అవుతుంది, ఎవరో చెప్పారని కాదు.

పాత మోనో రికార్డింగుల సంగతి వేరు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కాలం నాటి వయొలిన్ రికార్డులు సీడీగా వచ్చాయనుకోండి, సీడీలో ఎలాగూ రెండు ఛానెళ్ళుంటాయి కానీ లోపల సంగీతం ఒకటే. రెండూ అచ్చంగా ఒకటే అయితే జాయింట్ స్టీరియోలో (రెండు ఛానెళ్ళ ఉమ్మడి భాగం, తేడా భాగం విడివిడిగా రాసే పద్ధతి) తేడాని మోసే సైడ్ ఛానెల్ ఖాళీ, బిట్‌రేట్ దానంతటదే పడిపోతుంది, వి2లో చిన్న నంబర్ కనబడితే క్వాలిటీ పోయిందని బెంగపడకండి. జాయింట్ స్టీరియో స్టీరియోని పాడుచేస్తుంది అని ఓ పాత నమ్మకం ఉంది, లేమ్‌లో అది నిజం కాదు, డీఫాల్ట్ అదే, అలాగే ఉంచండి. కొన్ని సీడీల్లో టేపు హిస్ ఎడమ కుడి వేరువేరుగా ఉంటుంది, అలాంటివాటిని ఎన్‌కోడ్ చేసేటప్పుడు మోనోకి కలిపేస్తే సంగీతం అలాగే ఉండి హిస్ కాస్త తగ్గుతుంది కూడా. హిస్ ఉన్నవాటికి వి0 పెడితే ఇంకో చిక్కు, ఎంపీ3లో 16 కిలోహెర్ట్జ్ పైన ఉండే పట్టీకి సొంత స్కేల్ ఫ్యాక్టర్ (ఆ పట్టీలో నాయిస్ ఎంతుండాలో సరిచేసే మీట) లేదు, అక్కడి నాయిస్‌ని జాగ్రత్తగా దాచాలంటే మొత్తం ఫ్రేమ్‌కే బిట్లు పెంచాలి, అంటే 60 ఏళ్ళ నాటి టేపు బుసకి మీ పెన్‌డ్రైవ్ నిండుతుంది.

ఇక ఒక్క పని మాత్రం దయచేసి చెయ్యొద్దు. మీ దగ్గర ఇదివరకే డౌన్‌లోడ్ చేసిన 128 ఎంపీ3లు ఉంటాయి, వాటిని 320కి కన్వర్ట్ చెయ్యకండి. రసం పిండేసిన చెరకు పిప్పిని ఎంత పెద్ద గిన్నెలో వేసినా రసం తిరిగి రాదు, పైగా రెండోసారి ఎన్‌కోడ్ చేసినప్పుడు కొత్త నష్టం కూడా చేరుతుంది. నెట్‌లో 320 అని పెట్టిన పాత పాటలు చాలా ఇవే. పాటలో ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో బొమ్మగా చూపే స్పెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ వేసి చూడండి, 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించాల్సిందే (పాత రికార్డింగులో అసలు అంత పైన శబ్దమే ఉండకపోవచ్చు, అది చూసుకోవాలి, అక్కడ మెల్లగా పల్చబడుతుంది, నిలువుగా తెగదు). వి2 కూడా 18.5 కిలోహెర్ట్జ్ పైన కోస్తుంది, అది కావాలని చేసేదే, దాన్ని చూసి దిగులు పడొద్దు, వినడానికి చెవులే కొలత, బొమ్మ కాదు.

కారు గురించి. ఓపస్ చాలా కారు స్టీరియోల్లో పాడదు కాబట్టి అక్కడ ఎంపీ3యే, ఫోన్లో ఆండ్రాయిడ్ 5 నుంచి ఓపస్‌కి సపోర్ట్ ఉంది, ఐఫోన్ అయితే ఏఏసీ వాడండి. కార్లో బ్లూటూత్ కన్నా పెన్‌డ్రైవ్ మంచిది, బ్లూటూత్‌లో పంపేముందు ఎస్‌బీసీ లాంటి కోడెక్‌తో మళ్ళీ కంప్రెస్ అవుతుంది. లైవ్ కచేరీ సీడీల్లో రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉంటాయి, మధ్యలో గ్యాప్ ఉండదు, ఎంపీ3 చేసేటప్పుడు ట్రాక్ ముందు వెనక కాస్త ఖాళీ చేరుతుంది, లేమ్ ఆ ఖాళీ ఎంతో ఫైల్ హెడర్‌లో రాస్తుంది, ఫూబార్ లాంటి ప్లేయర్లు చదువుకుని అతుకు తెలీకుండా పాడతాయి, కారు స్టీరియోలు చాలావరకు చదవవు, తానం మొదలయ్యే చోట టక్కున తెగుతుంది, వినేవాడికి ప్రాణం ఉసూరుమంటుంది. అలాంటి మూడు ఫ్లాక్ ట్రాకుల్ని కలిపి ఒకే ఎంపీ3గా ఎన్‌కోడ్ చేసేయండి, ఫూబార్ కన్వర్టర్‌లో మెర్జ్ ఆప్షన్ ఉంది. అలాగే పాత కచేరీ మెల్లగా ఉంటుంది, తర్వాత సినిమా పాట వస్తే గుండె అదిరిపోతుంది, దానికి ఎంపీ3గెయిన్ వాడండి, మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యకుండా 1.5 డెసిబెల్ మెట్లలో వాల్యూమ్ సరిచేస్తుంది.

ట్యాగులు (ఫైల్ లోపల రాసే పాట, కళాకారుల పేర్లు) తెలుగులో రాస్తే ట్యాగ్ వెర్షన్ ఐడీ3వీ2.3, అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16 పెట్టుకోండి, పాత ప్లేయర్లు 2.4ని సరిగ్గా చదవవు. స్టీరియోలో తెలుగు ఫాంటే లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి, అప్పుడు కారు కాపీకి మాత్రం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి ఫ్లాక్‌లో తెలుగు అలాగే ఉంచండి. 200 సీడీలూ చేసేసి అప్పుడు కార్లో పెట్టడం కాదు, ముందు ఒక్క సీడీ మొదట్నుంచి చివరిదాకా చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ట్రాకుల వరస, పేర్లు, అతుకులు అన్నీ చూసుకుని అప్పుడు మిగతావి మొదలెట్టండి. రిప్పింగ్‌లో ఏదైనా సీడీ మొరాయిస్తే ఏ సాఫ్ట్‌వేర్, ఏ ట్రాక్, ఏం ఎర్రర్ వస్తోందో ఇక్కడే రాయండి, చూసి చెప్తా.