తిరుపతి చుట్టుపక్కల బోన్సాయ్‌కి పనికొచ్చే మాన్లను గుర్తుపట్టడం ఎలా?

బోన్సాయ్ అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టు. దానికోసం ఆకులు రాలిపోయిన మొద్దును చూసి ఏ చెట్టో చెప్పడం ఎలా, శేషాచలం అడవిలో ఏవి తవ్వి తెచ్చుకోవచ్చు అని అడిగారు. రెండో దానికి జవాబు: ఏవీ తెచ్చుకోకూడదు. అది రిజర్వు ఫారెస్టు, కొంత భాగం 1989 నుంచి శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు కూడా. పైగా ఎర్రచందనం కొండలు. చేతిలో గడ్డపార, సంచిలో వేళ్లతో సహా మొద్దు పెట్టుకుని దిగి "బోన్సాయ్ కోసం సార్" అంటే ఎర్రచందనం దొంగలను పట్టుకునే టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఎంతసేపు వింటారో మీరే ఊహించుకోండి. నావన్నీ చంద్రగిరి వైపు మా వాళ్ల చేని గట్ల మీదివి, కూలగొట్టే పాత ఇళ్ల గోడల్లోవి. అన్నీ అడిగి తెచ్చుకున్నవే.

ఇక ఆకుల్లేని మొద్దు సంగతి. మొదట్లో ఒక ఏప్రిల్‌లో మా మామ మామిడితోట కంచెలో ఒక మాను కనబడింది. మోకాలెత్తు, తొడంత లావు, మెలితిరిగిన మొదలు. గాటు పెడితే తొక్క లోపల ఎర్రగా ఉంది. ఏదో గొప్ప జాతి అనుకుని రెండు రోజులు తవ్వాను. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "గుంపెన మానుకు ఇంత కష్టమెందుకు నాయనా, కొమ్మ ఇరిచి నాటితే అదే వస్తుంది గదా" అన్నాడు. నేను వినలేదు. వానలు పడ్డాక ఆకులొచ్చాయి, ఒక్కొక్కటి జానెడు దాటి! ఎంత తుంచినా చిన్నబడలేదు. కొయ్య మెత్తన, కోసిన చోటల్లా కుళ్లు పట్టింది. రెండో ఏటికి సగం డొల్ల.

అప్పటినుంచి వానాకాలంలో ఆకు మీదున్నప్పుడే చూసి, కొమ్మకు గుడ్డపీలిక కట్టి వస్తాను. తవ్వడం మరుసటి ఏడు.

పాత గోడల్లో దొరికేవి ఎక్కువగా రావి, మర్రి. ఆకు తుంచితే రెండింటికీ పాలు కారతాయి. కొమ్మ మీద ప్రతి ఆకు దగ్గరా సన్నటి ఉంగరంలా గీత ఉంటుంది, ఆకులు రాలినా అది పోదు. రావాకుకు కొసన పొడుగాటి తోక. మర్రాకు దళసరి, కొస మొద్దు. పాలు కారాయి కదా అని రావి అనుకోకండి, వాక్కాయ పొదకూ పాలున్నాయి. కానీ దాని ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, ముళ్లు బలంగా ఉంటాయి, చాలాసార్లు కొసన రెండుగా చీలతాయి. ఏ పాలైనా సరే, ఆ చేత్తో కళ్లు తుడుచుకోవద్దు.

వెలగ, మారేడు రెండూ ముళ్లవే. మారేడుకు మూడాకులు, పూజకు కోసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వెలగకు ఐదో ఏడో చిన్నాకులు, నలిపితే ఘాటు వాసన. ఆ చిన్నాకుల వల్లే కుండీలో అందంగా ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టం చింత. ఈనెకు రెండువైపులా పది జతలకు పైగా చిన్నాకులు, సాయంత్రానికి ముడుచుకుంటాయి. మా దగ్గర ఉన్నది మేకల దారిలో పెరిగింది. ఏళ్ల తరబడి చిగురు వేసినప్పుడల్లా కొరికేయడంతో మూరెడు కూడా ఎత్తు ఎదగలేదు, మొదలు మాత్రం ముంజేయంత. తొక్క నెర్రెలు బారి మొసలి వీపులా ఉంటుంది. ఒక్కో కణుపు దగ్గర నాలుగైదు రెమ్మలు. నేను కత్తెర పట్టి పదేళ్లు చేయాల్సిన పని మేకలు ముందే చేసేశాయి. చింతకు తల్లివేరు లోతు, ఒకేసారి పెకలిస్తే చస్తుంది. ఒక వానాకాలం ఒక పక్క కందకం తీసి వేళ్లు కోసి మట్టి కప్పాను, మరో వానాకాలం రెండో పక్క. మూడో ఏడు కుండీకి ఎక్కింది.

మీ దగ్గరున్న మొద్దు ఏదో తేలకపోతే ఫొటో పెట్టండి. చెట్టు మొత్తం ఒక్కటే తీస్తే ఏం తెలీదు. తొక్క దగ్గర నుంచి, ఆకు రెండువైపులా, ముల్లుంటే అది ఆకు మొదట్లో మొలిచిందో కొమ్మ కొసనో కనబడేలా తీయండి. కింద ఎండుకాయ రాలి ఉంటే అదీ.