మూపు వాచిన గుర్రానికి ఎలాంటి జీను?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర కొండ మీది ఊరు. సంతకు వెళ్లి రావడానికి చిన్న గుర్రాన్ని కొని, సెకండ్‌హ్యాండ్ జీను వేస్తున్నాను. నెల రోజులుగా మూపుకు రెండు పక్కలా వాపు ఉంది, వెంట్రుకలు ఊడుతున్నాయి. జీను చూస్తేనే చెవులు వెనక్కి పెడుతోంది. గోనెపట్టా నాలుగు మడతలు వేసినా తగ్గలేదు. మెత్తటి జీను ఏది కొనాలి?

– ఒక గిరిజన రైతు

జవాబు: మెత్తదనం సంగతి తర్వాత, ముందు కొలత చూద్దాం. మెడకు సరిపడని కాడికి ఎన్ని గుడ్డలు చుట్టినా కాడిపుండు మానదని మీకు తెలిసిందే. జీనూ అంతే. వాపు రెండు పక్కలా ఉందంటే మీ జీను ఇరుకై ఉండవచ్చు. కింద గోనెపట్టా మడతలు పెట్టేకొద్దీ ఇరుకు ఇంకా పెరుగుతుంది. ఆ మడతల ఒరిపిడి దీనికి అదనం.

వాపు తగ్గాక గుర్రాన్ని చదును నేల మీద నిలబెట్టండి. కరెంటు పనికి వాడే మందపాటి తీగను భుజం ఎముకకు రెండు వేళ్లు వెనక, మూపు మీదుగా రెండు పక్కలా వంచి అద్దండి. ఆ వంపును అట్ట మీద గీసి కత్తిరించి, జీను ముందుభాగం కింద పెట్టి చూడండి. అట్ట రెండు పక్కలా సమంగా ఆనాలి. కింది అంచులు మాత్రమే నొక్కుతూ పైన ఖాళీ ఎక్కువుంటే జీను ఇరుకు. జీను కిందికి దిగిపోయి మూపుకు తగులుతుంటే వెడల్పు ఎక్కువ. మీరు ఎక్కి కూర్చున్నాక కూడా మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. వెన్నుపూస పొడవునా నడుమ కాలువలా ఖాళీ ఉండాలి. జీను చివర ఆఖరి పక్కటెముక దాటకూడదు. చిన్న గుర్రాలకు పెద్ద జీను వేసినప్పుడు ఎక్కువగా ఇక్కడే తేడా వస్తుంది.

అరగంట తిప్పాక జీను తీసి చెమట చూడండి. అంతా తడిసినా మధ్యలో అరచేతంత చోటు పొడిగా ఉందంటే అక్కడ బరువు నొక్కుతోందన్నమాట. అదే చోట తెల్ల వెంట్రుకలు మొలిస్తే అది పాత గాయం గుర్తు.

దిగుడు దారిలో జీను ముందుకు జారి భుజాల మీద పడుతుంది. తోక కింద నుంచి వచ్చే పట్టీ ఉంటే అలా జారదు. నిటారు దిగుళ్లలో మాత్రం మీరు దిగి నడవండి. నేనైతే ఈ విషయంలో బేరమే ఆడను. ఇక బరువు సంగతి. మనిషి, జీను, సామాను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు. ఛాతీ చుట్టుకొలత 140 సెంటీమీటర్లు, ఒంటి పొడవు 130 ఉంటే (140×140×130÷11,880) బరువు సుమారు 215 కిలోలు. అంటే అది మోయగలిగేది 43 కిలోలే! మీ గుర్రాన్ని కూడా ఇలాగే కొలిచి చూడండి. చిన్నదని తేలితే దాని మీద సామాను మాత్రమే వేయండి.

ప్రస్తుతానికి వాపు పూర్తిగా తగ్గి వెంట్రుకలు మొలిచేదాకా జీను వేయవద్దు. పుండు ఉంటే ఉప్పునీళ్లతో కడిగి, పోవిడోన్ అయోడిన్ రాసి, ఈగలు వాలకుండా చూడండి. చీము పట్టినా, వాపు వేడిగా ఉన్నా ఇంట్లో కోయకుండా పశువుల డాక్టరుకు చూపించండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది కాబట్టి ఆ టీకా వేశారో లేదో ఆయన్నే అడగండి. కొత్త జీను కొనడానికి వెళ్లేటప్పుడు ఆ అట్టముక్కను సంచిలో పెట్టుకోవడం మరిచిపోకండి.