‘పాడ్ ఇన్‌స్టాల్’ మధ్యలోనే ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: రియాక్ట్ నేటివ్‌లో (జావాస్క్రిప్ట్‌తో మొబైల్ యాప్‌లు రాసే పద్ధతి) ఐఫోన్ యాప్ చేస్తున్నాను. పాత ఇంటెల్ మ్యాక్‌లో బాగానే నడిచింది. ఎం-సిరీస్ మ్యాక్ తీసుకుని, పాత మ్యాక్‌లోవి కొత్తదానికి కాపీ చేసే మైగ్రేషన్ అసిస్టెంట్‌తో అన్నీ అందులోకి మార్చుకున్నాను. అప్పటినుంచి యాప్‌కు కావాల్సిన లైబ్రరీలను (పాడ్‌లను) తెచ్చే ‘పాడ్ ఇన్‌స్టాల్’ కమాండ్ కొడితే స్క్రీన్ నిండా ఎర్రర్లు వచ్చి ఆగిపోతోంది. మధ్యలో ‘ఎఫ్ఎఫ్ఐ’ అని కనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పారని సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, ఆ పాడ్‌లను తెచ్చే కోకోపాడ్స్ మళ్లీ వేశాను, పాడ్‌ల వెర్షన్లు రాసి ఉండే పాడ్‌ఫైల్ లాక్ తీసేశాను. అయినా అంతే. నా కోడే పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కోడ్ గురించి బెంగ వద్దు. దాన్ని కంపైల్ చేసే దశ దాకా మీరింకా వెళ్లనే లేదు. కోకోపాడ్స్ రూబీ భాషలో రాసిన ప్రోగ్రామ్, కూలిపోయింది అదే. ఆ ఎర్రర్ల గుట్టలో చివరి వరస కాకుండా, మొదట వచ్చిన కారణాన్ని వెతకండి. ‘ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్’ అని, పక్కనే ఎక్స్86-64 (ఇంటెల్ ప్రాసెసర్ రకం), ఆర్మ్64 (ఎం-సిరీస్ రకం) అని ఉంటే జబ్బు దొరికినట్టే.

ఎఫ్ఎఫ్ఐ అనేది రూబీ నుంచి సీ లైబ్రరీలను పిలిచే జెమ్ (రూబీ ప్యాకేజీ). పాడ్‌ల వివరాలు నెట్ నుంచి తెచ్చుకోవడానికి కోకోపాడ్స్‌కు అది కావాలి. అందులో కొంత భాగం ప్రాసెసర్‌కు తగ్గట్టు కంపైల్ అయి ఉంటుంది. మీ మైగ్రేషన్ ఇంటెల్ కోసం తయారైన ఆ ముక్కను ఉన్నదున్నట్టు తెచ్చి ఆర్మ్ మ్యాక్‌లో పెట్టింది. 2020 చివర్లో ఎం1 వచ్చినప్పటినుంచీ ఎంతోమందికి ఎదురైన ఇబ్బందే ఇది.

టెర్మినల్‌లో ‘యూనేమ్ -ఎం’ కొట్టండి. ఎక్స్86-64 అని వస్తే టెర్మినలే రొసెట్టాలో (ఇంటెల్ ప్రోగ్రామ్‌లను కొత్త మ్యాక్‌లో నడిపే అనువాదకం) నడుస్తోందన్నమాట. టెర్మినల్ యాప్ గెట్ ఇన్ఫోలో రొసెట్టా టిక్ తీసి, టెర్మినల్ మళ్లీ తెరవండి. తర్వాత హోమ్‌బ్రూ (మ్యాక్‌లో టూల్స్ వేసుకునే ప్రోగ్రామ్) ఎక్కడుందో చూడండి. ఇంటెల్‌ది ‘యూఎస్ఆర్/లోకల్’ కింద, కొత్త మ్యాక్‌లది ‘ఆప్ట్/హోమ్‌బ్రూ’ కింద ఉంటుంది. పాతదే ఉంటే కొత్తగా వేసుకోండి. దాంతో రూబీ వెర్షన్లను చూసుకునే ఆర్బీఎన్వ్ పెట్టుకుని, సొంతంగా ఒక రూబీ వేసుకోండి. మ్యాక్‌తో వచ్చే 2.6 రూబీ జోలికి మాత్రం వెళ్లకండి. సుడో అవసరం పడేది దానితోనే. సుడోతో వేసినవి సిస్టమ్ ఫోల్డర్లలో చేరి, తర్వాత పర్మిషన్ల గొడవ తెస్తాయి. నా దృష్టిలో సుడో వాడమనడం చాలా చెడ్డ సలహా, దయచేసి ఇంకొకరికి చెప్పకండి.

ప్రాజెక్ట్‌లో పాత జెమ్‌లు ఉండే వెండర్/బండిల్ ఫోల్డర్ ఉంటే తీసేసి, ‘బండిల్ ఇన్‌స్టాల్’, ఆ తర్వాత ఐఓఎస్ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘బండిల్ ఎగ్జెక్ పాడ్ ఇన్‌స్టాల్’ చేయండి. ఎఫ్ఎఫ్ఐ ఈసారి ఆర్మ్‌కు తగినది వస్తుంది. ఇలా బండ్లర్ (ప్రాజెక్ట్ జెమ్‌ల వెర్షన్లను చూసుకునే టూల్) దారి ఎందుకంటే, 2023 అక్టోబరులో కోకోపాడ్స్ వాడే యాక్టివ్‌సపోర్ట్ జెమ్ 7.1.0 రాగానే, ప్రాజెక్ట్‌లో ఏమీ మార్చనివాళ్లకు కూడా కోకోపాడ్స్ ఆగిపోయింది. జెమ్‌ల వెర్షన్లను కట్టిపడేసే జెమ్‌ఫైల్ లాక్ ఉన్నవాళ్లు పాత వెర్షన్ మీదే నిలిచి బయటపడ్డారు.

తీసేసిన పాడ్‌ఫైల్ లాక్‌ను గిట్ నుంచి వెనక్కి తెచ్చుకోండి, అదీ ఇన్‌స్టాల్ కొట్టే ముందే. అది లేకపోతే కోకోపాడ్స్ పాడ్‌ల వెర్షన్లన్నీ మళ్లీ లెక్కించి, దొరికినంత కొత్తవి తెస్తుంది. అప్పుడొచ్చే బిల్డ్ ఎర్రర్లకూ ఈ క్రాష్‌కూ సంబంధమే ఉండదు.

ఇవన్నీ అయ్యాక యూటీఎఫ్-8 (అక్షరాలను ఎన్‌కోడ్ చేసే పద్ధతి) గురించి ఎర్రర్ వస్తే కంగారుపడకండి. టెర్మినల్‌లో కమాండ్లు నడిపే జెడ్‌షెల్ సెట్టింగ్‌ల ఫైల్‌లో ల్యాంగ్ విలువను యూటీఎఫ్-8కి మార్చి, కొత్త టెర్మినల్ తెరిస్తే సరిపోతుంది.