హెచ్‌బీఏ1సీ నార్మల్ అన్నారు, మరి ఈ దాహం ఏమిటి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. నాలుగు నెలల్లో 5 కిలోలు తగ్గాను. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నాను. ఇక్కడి కలెక్షన్ సెంటర్‌లో రక్తం తీసి కరీంనగర్ పంపారు. హెచ్‌బీఏ1సీ 5.3, పరగడుపు షుగర్ 98, అంతా నార్మల్ అన్నారు. హిమోగ్లోబిన్ 9.4 ఉందని రెండు నెలలుగా ఐరన్ మాత్రలు వాడుతున్నాను. మా అక్క కొడుక్కి సికిల్ సెల్ జబ్బు ఉంది. నాకు షుగర్ లేనట్టేనా?

సమాధానం: ఈ రెండు అంకెలు చూసి షుగర్ లేదని చెప్పలేనమ్మా. మీరు చెప్పిన లక్షణాలు ముందు షుగర్‌నే అనుమానించమంటున్నాయి.

హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల సగటు షుగర్‌ను అంచనా వేసే పరీక్ష. అది రక్తంలోని చక్కెరను నేరుగా కొలవదు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అంటుకుందో చూస్తుంది. కణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్కతోనే ఆ అంకెకు అర్థం. కణాలు ముందే చితికిపోతే గ్లూకోజ్ అంటుకునే సమయమే ఉండదు. అప్పుడు షుగర్ ఎక్కువున్నా అంకె తక్కువే వస్తుంది. సికిల్ సెల్ జబ్బులో (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు), జీ6పీడీ లోపంలో (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువగా ఉండటం), రక్తం ఎక్కించుకున్నాక ఇలా జరుగుతుంది. ఐరన్ మాత్రలతో కొత్త కణాలు జోరుగా పుడుతున్నప్పుడూ అంతే. మీరిప్పుడు సరిగ్గా ఆ దశలో ఉన్నారు.

అక్క కొడుక్కి జబ్బు ఉందంటే అక్క కనీసం వాహకురాలై (జబ్బు లేకుండా ఆ జన్యువును మోసే మనిషి) ఉంటుంది, మీరూ అయ్యే అవకాశం ఉంది. వాహకుల్లో కణాల ఆయుష్షు దాదాపు మామూలే, కానీ కొన్ని ల్యాబ్ యంత్రాలు ఆ హిమోగ్లోబిన్‌ను తప్పుగా లెక్కిస్తాయి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షతో సంగతి తేలుతుంది. సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అని మాత్రమే చెప్పే సాల్యుబిలిటీ పరీక్ష ఒక్కటే చాలదు, వాహకులెవరో రోగులెవరో అది విడదీయలేదు. అయితే వాహకత్వం ఒక్కదానివల్ల హిమోగ్లోబిన్ 9.4కి పడిపోదు. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా అన్నదీ చూడాలి.

ఇక పరగడుపు 98. ట్యూబులో ఉన్న రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మీ ఎండలకు ఇంకా త్వరగా. నాలుగు గంటలు ఆలస్యమైతే 120 ఉన్నది 98గా తేలవచ్చు. అందుకే ఈ తరుగుదలను తగ్గించే, బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబులో తీశారా, ఎన్ని గంటలకు పరీక్షించారు అని అడగండి.

ఇవాళే దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో గ్లూకోమీటర్ పరీక్ష, మూత్రంలో కీటోన్ (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) పరీక్ష చేయించండి. రక్తహీనతలో గ్లూకోమీటర్ కాస్త ఎక్కువ చూపించవచ్చు కాబట్టి, 200 దాటితే వెంటనే సిరనుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చూడాలి. అక్కడా 200 దాటితే, మీ లక్షణాలతో కలిపి అది షుగరే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తు ఉంటే ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

200 లోపు ఉంటే గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్ష చేయించాలి. మూడు రోజులు అన్నం, రొట్టె మామూలుగా తినండి, తగ్గిస్తే ఫలితం తప్పుతుంది. రాత్రి 8 నుంచి 10 గంటలు ఏమీ తినకుండా, ఉదయం రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. పొడి మోనోహైడ్రేట్ రకమైతే (గ్లూకోజ్‌తో నీటి అణువు కలిసి ఉండే రకం) 82.5 గ్రాములు తూచాలి. రెండు గంటలు కూర్చునే ఉండాలి. పరగడుపు 126, రెండు గంటలకు 200, ఈ రెంటిలో ఏది దాటినా షుగర్. రెండూ మామూలుగా వస్తే బరువు తగ్గడానికి థైరాయిడ్, క్షయ, కాల్షియం, కిడ్నీ వైపు వెతకాలి.

షుగర్ తేలితే ఇకముందు హెచ్‌బీఏ1సీతో కాకుండా రెండు మూడు వారాల సగటు షుగర్ చూపే ఫ్రక్టోసమిన్ రక్తపరీక్షతో, ఇంటి గ్లూకోమీటర్ లెక్కలతో మందులు సరిచేయమని మీ డాక్టర్‌కు చెప్పండి. మీకు పిల్లలుంటే 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద వాళ్లకు తప్పక పరీక్ష చేయించండి.