పాటల పెట్టె: గోదాములో పార్సిళ్లు కట్టే గాయకుడు

ప్రశ్న: కిందటి నెల ఒక జవాబులో "అమెరికాలో చిన్న రికార్డు కంపెనీ చేసిన పాటల పండక్కి వెళ్లొచ్చాను" అని ఒక్క ముక్క అని వదిలేశారు. ఏ కంపెనీ అది? 'ఇండిపెండెంట్ లేబుల్' అంటే అసలేమిటి? వివరంగా చెప్పండి.
— డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చోటు చాలక వదిలేశాను బాబూ. ఈసారి సంపాదకుల్ని అడిగి ఒక పేజీ ఎక్కువే తీసుకున్నాను.

కంపెనీ పేరు సబ్ పాప్. ఊరు సియాటిల్. మా అమ్మాయీ అల్లుడూ ఆ పక్కనే రెడ్మండులో ఉంటారు. 2018 వేసవిలో మూణ్ణెల్లు వాళ్ల దగ్గరున్నాను. ఆగస్టు 11, శనివారం. కంపెనీ పెట్టి ముప్ఫై ఏళ్లయిందని, ఆల్కై అనే బీచిలో స్టేజీలు వేసి, తమ దగ్గర రికార్డులు చేసినవాళ్లను పిలిచి పాడించారు. టికెట్ లేదు. ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా వినవచ్చు.

నన్ను తీసుకెళ్లింది మా మనవరాలు. అప్పటికి పదో తరగతి, గిటారు నేర్చుకుంటోంది. "తాతయ్యా, నీకు క్యాసెట్ల కొట్టు ఉండేది కదా, నువ్వు రావాల్సిందే" అని పట్టుబట్టింది. మా అమ్మాయి స్టీలు డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం సర్ది, చాప చుట్టి చేతికిచ్చింది. ఊరి మధ్యనున్న రేవులో లాంచీ ఎక్కితే పావుగంటలో అవతలి ఒడ్డు. మన పున్నమి ఘాట్‌లో పడవెక్కి భవానీ ద్వీపానికి వెళ్లినట్టే అనిపించింది. కాకపోతే ఆగస్టులో నీళ్ల మీద స్వెట్టరు వేసుకోవాల్సి వచ్చింది.

ఇక లేబుల్ సంగతి. పాడేవాళ్లు పాడతారు. ఆ పాటను రికార్డు చెయ్యడానికి డబ్బు పెట్టాలి, అచ్చు వెయ్యాలి, కొట్లకు చేర్చాలి. ఈ పనులు చేసేదాన్నే లేబుల్ అంటారు. నా చిన్నతనంలో మన పాట మద్రాసులో పాడితే, హెచ్.ఎం.వి. వాళ్ల ఫ్యాక్టరీ కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఉండేది. రికార్డు అక్కడ అచ్చయ్యి బెజవాడ కొట్టుకు వచ్చేది. ఎవరి గొంతు రికార్డుకెక్కాలో, ఎవరిది ఎక్కక్కర్లేదో తేల్చే మనుషులు మనకు అంత దూరంలో ఉండేవాళ్లు. ఆ మాట ఊళ్లోనే, ఆ పాటను ముందు తన చెవులతో విన్న మనిషే తేల్చి, తన జేబులోంచి డబ్బు తీసి వేస్తే అది ఇండిపెండెంట్ లేబుల్. పుస్తకాల్లో ఇంకేం రాసినా నాకు అర్థమైంది ఇదే.

సబ్ పాప్ కంపెనీగా మొదలవలేదు. 1980లో బ్రూస్ పావిట్ అనే కుర్రాడు ఒలింపియా అనే చిన్న ఊళ్లో చదువుకుంటూ, చుట్టుపక్కల ఊళ్ల బ్యాండ్ల గురించి చిన్న పత్రిక వేశాడు. కొన్ని సంచికలు కాగితం మీద, కొన్ని క్యాసెట్టు మీద. లాంచీలో మనవరాలు ఈ సంగతి చెబుతుంటే నేను రెండోసారి చెప్పించుకున్నాను. క్యాసెట్టే పత్రిక! తర్వాత జొనథన్ పోన్‌మన్ కలిశాడు. 1988లో ఇద్దరూ ఉద్యోగాలు మానేసి కంపెనీ తెరిచారు. ఆ ఏడాది నవంబరులో నిర్వాణా అనే బ్యాండు మొదటి రికార్డు వెయ్యి కాపీలు వేశారు. దాంతోనే ఒక చందా పథకం పెట్టారు. ముందుగా డబ్బు కడితే నెలకో చిన్న రికార్డు పోస్టులో ఇంటికి వస్తుంది. మీరు ఈ పత్రికకు కట్టే చందా లాంటిదే. మరుసటి ఏడు అదే బ్యాండు మొదటి ఆల్బం రికార్డింగుకు అయిన ఖర్చు ఆరువందల డాలర్ల చిల్లర. రెండేళ్లకు వాళ్లు పెద్ద కంపెనీకి వెళ్లి లోకమంతా తెలిసిపోయారు. అప్పటికి దివాలా అంచున ఉన్న సబ్ పాప్‌ను, ఆ పెద్ద కంపెనీలో వాళ్లు వేసిన ఆల్బం మీద తమకు రావాల్సిన వాటా డబ్బే నిలబెట్టింది.

తొంభైల మధ్యలో కంపెనీలో 49 శాతం వార్నర్ అనే పెద్ద కంపెనీ వాళ్లకు అమ్మారు. "మరి ఇంకా ఇండిపెండెంటేనా?" అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే. తక్కిన 51 శాతం ఊళ్లో ఉన్నంతకాలం ఎవరిని పాడించాలనే మాట ఊళ్లోనే ఉంటుంది కాబట్టి, అవుననే అంటాను నేను.

ఇవన్నీ సరే, నా మనసులో నాటుకుపోయింది ఒక్కటి. మడ్‌హనీ అనే బ్యాండు స్టేజీ ఎక్కింది. వాళ్లూ 1988లోనే మొదలయ్యారు, కంపెనీ ఈడు. పాడుతున్నాయన మార్క్ ఆర్మ్, యాభై అయిదు దాటిన మనిషి. గొంతు చించుకుని పాడుతున్నాడు. జనం ఆయనతోపాటు ప్రతి మాటా అంటున్నారు. మనవరాలు నా చెవిలో అరిచింది: "తాతయ్యా, ఈయన ఉద్యోగం ఎక్కడో తెలుసా? ఈ కంపెనీ గోదాములోనే. రికార్డుల పార్సిళ్లు పంపే పని చూసుకుంటాడు!"

నేను చాప మీంచి లేచి నిలబడ్డాను.

పదిహేనేళ్లు బీసెంట్ రోడ్డు పక్క సందులో రికార్డింగ్ సెంటర్ నడిపినవాణ్ణి. పాటల లిస్టు కాగితం మీద రాసి ఇస్తే, అరవై నిమిషాలదో తొంభై నిమిషాలదో క్యాసెట్టు నింపి ఇచ్చేవాళ్లం. పార్సిలు కట్టడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఒంగోలు కొట్టుకు ఎన్ని, నరసరావుపేటకు ఎన్ని, మూత పగలకుండా మధ్యలో పాత పేపర్లు కుక్కడం, పురికొస లాగి ముడెయ్యడం. ఆ పని చేసే చేతులే గిటారు పట్టుకుని అన్ని వేల మంది ముందు నిలబడ్డాయి. పాట పుట్టిన గొంతుకూ, ఆ పాట పార్సిలై బయలుదేరే బల్లకూ మధ్య అంత తక్కువ దూరం నేను ఎక్కడా చూడలేదు.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. 1984 నుంచి మూడేళ్లు నేనూ సొంతంగా క్యాసెట్లు వేశాను. మొత్తం పద్నాలుగు. బుర్రకథలు, హరికథలు, తత్వాలు, ఒక భజన సమాజం వాళ్లవి రెండు. గాంధీనగర్‌లో మా ఇంటి వెనక గదిలో, రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక, ఫ్యాను ఆపేసి, గోడలకు పరుపులు ఆనించి రికార్డు చేసేవాళ్లం. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో బల్ల వేసుకుని అమ్మాను. అమ్ముడుపోయినవి పోయాయి, మిగిలినవి మిగిలాయి. స్పూలు టేపు ఖరీదు. కొత్త టేపు కొనడానికి డబ్బు లేక, ఆ పద్నాలుగింటి అసలు టేపుల మీదే సినిమా పాటలు ఎక్కించేశాను. ఒక్కటీ ఉంచలేదు. కవర్ల మీద దేవుడి బొమ్మ పెద్దది, మా కొట్టు పేరు పెద్దది. కథకుడి పేరు వేశాను. ఇటూ అటూ నిలబడి గుమ్మెటలు వాయించిన వంతల పేర్లు వెయ్యలేదు.

ఆల్కైలో కంపెనీ వాళ్ల బల్ల దగ్గర ఒక రికార్డు అట్ట చేతిలోకి తీసుకుని చూశాను. ఎవరు వాయించారు, ఎవరు రికార్డు చేశారు, ఎక్కడ చేశారు, అన్నీ ఉన్నాయి. మనవరాలు అడిగింది, "తాతయ్యా, మరి నీ లేబుల్ క్యాసెట్లు ఏవి?" లేబుల్ అనే మాట నా కొట్టుకు ఎప్పుడూ వాడలేదు నేను, ఆ పిల్లే వాడింది. నా దగ్గర చూపించడానికి ఒక్కటీ లేదు. తిరుగు లాంచీలో దానికి ఆ పద్నాలుగు పేర్లూ చెప్పబోయాను. పదకొండే గుర్తొచ్చాయి.

ప్రశ్న: బాలమురళి గారి భక్తిరంజని గురించి అంత తాదాత్మ్యంగా రాసే మీరు ఆ రణగొణ ధ్వనిని ఎలా భరించారండీ?
— ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మొదటి అరగంట కష్టంగానే ఉందమ్మా. చెవుల్లో పెట్టుకోవడానికి మనవరాలు మెత్తటి బిరడాలు తెచ్చింది. మీరు ఎప్పుడైనా అలాంటి చోటికి వెళ్తే అవి తప్పక పెట్టుకోండి, చిన్నపిల్లలకైతే మరీ ముఖ్యం.

రికార్డింగు యంత్రం మీద ఒక ముల్లు ఉంటుంది. శబ్దం హద్దు దాటితే ఎర్ర గీతలోకి పోతుంది, పాట పగులుతుంది. ఆ ముల్లు ఎరుపులోకి పోకుండా కాపాడటమే నా జీవితమంతా చేసిన పని. మడ్‌హనీ వాళ్లు గిటారు శబ్దాన్ని కావాలనే పగలగొట్టే పెడల్స్ వాడతారు. సూపర్ ఫజ్, బిగ్ మఫ్ అని వాటి పేర్లు. ఆ పేర్లే కలిపి 1988లో ఒక రికార్డుకు పెట్టుకున్నారు. నేను పొరపాటు అనుకున్నదే వాళ్లకు పనిముట్టు. ఆ సంగతి తెలిశాక విన్నాను, అప్పుడు లోపలి లయ దొరికింది. తిరనాళ్లలో పగిలిన మైకులోంచి వచ్చే డప్పు మనకు ఒళ్లు పులకరించేలా చెయ్యదూ?

అక్కడ అంతా గోలే అనుకోకండి. బీచ్ హౌస్ అని ఒకళ్లు, నిద్రలో పాడుతున్నట్టు పాడారు. షబాజ్ ప్యాలెసెస్ వాళ్లది తాళం మీద మాటలు పలకడం. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథలో పలుకు విసిరి, వంతలు అందుకునేదాకా ఆగే ఆ క్షణం గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. మీరు చెప్పిన భక్తిరంజని మాత్రం ఎక్కడిదమ్మా? 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో స్టేషను పెట్టబట్టే, బాలమురళి గారు అందులో పని చెయ్యబట్టే మన పొద్దులకు ఆ పాటలు వచ్చాయి. ఊళ్లో ఒక మైకు ఉండి, దాని ముందు ఎవరిని నిలబెట్టాలో తెలిసిన మనిషి ఉంటే ఏం జరుగుతుందో మనకు మనమే సాక్ష్యం.

ప్రశ్న: మా నాన్నగారి పెట్టెలో ముప్ఫై దాకా పాత క్యాసెట్లున్నాయి. కొన్నిటికి తెల్లటి బూజు పట్టింది. ఒకటి బుర్రకథ, నీలం కవరు, అది పెడితే టేపు తెగింది. పారేయమంటున్నారు ఇంట్లో. ఏం చెయ్యమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: పారెయ్యకండి. చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నాను.

బూజు పట్టినవి వేరే పెట్టండి. మంచివాటితో కలిపి ఒకే డెక్కులో, అంటే ఒకే టేపు రికార్డరులో, వేస్తే టేపును చదివే హెడ్డు ద్వారా బూజు వాటికీ అంటుతుంది. పొడిగా ఉన్న రోజు చూసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి కుంచెతో బయట దులపండి. బూజు టేపు చుట్టల మీద ఉంటే పెట్టె విప్పాలి, అది తెలిసినవాళ్లే చెయ్యాలి. మిగతావాటిని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లతరబడి కదలని టేపు అతుక్కుని ఉంటుంది, నేరుగా ప్లే నొక్కితే తెగుతుంది. మీదీ అలాగే తెగి ఉంటుంది. మామూలు సెలోటేపుతో అతికించకండి, దాని జిగురు కరిగి పక్క చుట్టలకు అంటుకుంటుంది. టేపు అతకడానికి ప్రత్యేకమైన స్ప్లైసింగ్ టేపు దొరుకుతుంది. రెండు కొసలూ ఏటవాలుగా కోసి, వెనకవైపు, అంటే హెడ్డుకు తగలని వైపు అంటించాలి. నాలుగైదు క్యాసెట్లకోసారి హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి.

తర్వాత డెక్కు లైన్ అవుట్, అంటే శబ్దం బయటకు ఇచ్చే రంధ్రం, నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో ఎక్కించండి. ఎంపీ3గా వద్దు, ముందు వేవ్ ఫైలుగా ఉంచండి. రెండు చోట్ల దాచండి. ఫైలు పేరులో ఎవరు పాడారో, ఎవరు వాయించారో, ఏ ఊరో, తెలిసినంతా రాయండి. మీ నాన్నగారికి గుర్తుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి.

ఆ నీలం కవరు సంగతి. నా పద్నాలుగింటిలో ఒక బుర్రకథకు నీలం కవరే వేశాను. అప్పట్లో నీలం రంగు చాలామంది వాడారు కాబట్టి అదీ ఇదీ ఒకటేనని చెప్పలేను. మీరు ఒక పని చెయ్యండి. టేపు అతికించాక ఎ వైపు మొదటి నుంచీ వినండి. తంబురా మొదలవుతుంది, వంతలు అందుకోబోయే ముందు దూరంగా రైలు కూత పొడుగ్గా వినబడుతుందేమో చూడండి. మా ఇల్లు స్టేషనుకు దగ్గర. ఆ రాత్రి రైలు వెళ్లేదాకా ఆగుదామంటే కథకుడు ఆగలేదు. రెండోసారి చెయ్యడానికి టేపు లేదు, అలాగే వేసేశాను.

కూత వినబడితే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండమ్మా. తెనాలి నేనే వస్తాను. కుడివైపు వంత పేరు నాకు గుర్తుంది, ఎడమవైపు ఆయనది గుర్తు లేదు. మొదటి ఆశ్వాసం చివర కథకుడు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాడు.