నాన్న పేరిట టోర్నమెంటు, నాలో మిగిలిన కోపం

ప్రశ్న: మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో పి.ఇ.టి.గా పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నా సాయంత్రం ఊరి పిల్లలకు వాలీబాల్ నేర్పడమే ఆయన జీవితం. శిష్యుల్లో చాలామంది పోలీసు, రైల్వే, ఆర్మీ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. జట్టును టోర్నమెంట్లకు తీసుకెళ్లడానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. నేను పదో తరగతిలో బాగా ఆడుతున్నప్పుడు, 'కొడుకును ఆడించుకున్నాడంటారు' అని నన్ను జిల్లా సెలక్షన్‌కే పంపలేదు. గత ఏడాది ఆయన కాలం చేశారు. ఇప్పుడు శిష్యులు ఊరి సెంటర్లో కంచు విగ్రహం పెడతామని, ఏటా సంక్రాంతికి స్మారక టోర్నమెంటు జరుపుతామని అంటున్నారు. బ్యాంకులో ఉన్న నాన్న డబ్బులోంచి ఐదు లక్షలు ఇస్తానని అమ్మ మాటిచ్చింది. చెల్లి పెళ్లికి ఆయన చేసిన అప్పు నేనింకా తీరుస్తూనే ఉన్నాను. వద్దన్నందుకు అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. 'అలాంటి తండ్రికి పుట్టడం నీ అదృష్టం' అని ఎవరైనా అంటే నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. నేను కృతఘ్నుడినా?

సమాధానం: కృతఘ్నుడైనవాడు తండ్రి చేసిన అప్పుకు కిస్తీలు కట్టడు. ముందు ఆ మాటను మీ మీద నుంచి తీసేయండి. ఊరికి తెలిసిన మాస్టారు, మీకు తెలిసిన నాన్న ఒకే మనిషి. కానీ ఆయన నుంచి శిష్యులకు దక్కినదీ, మీకు దక్కనిదీ వేర్వేరు కాబట్టి, ఆయన పోయినప్పుడు వాళ్లకు వచ్చిన దుఃఖమే మీకూ రావాలని ఎవరూ ఆశించకూడదు. మరణించినవారి మీద కోపం దుఃఖంలో ఒక భాగమే. పరామర్శకు వచ్చినవాళ్లు దానికి చోటివ్వరు గనుక అది లోపలే ఉండిపోతుంది.

సెలక్షన్ విషయంలో నా అభిప్రాయం దాచను. పక్షపాతం చూపించానన్న మాట పడకూడదని అర్హత ఉన్న పిల్లవాణ్ణి పక్కన పెట్టడం కూడా పక్షపాతమే. అలా చేసిన కోచ్‌లు మన పాఠశాలల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు చెడ్డవారు కారు, కానీ తమ పరువు కోసం ఇంట్లో పిల్లల చేత మూల్యం కట్టించారు. మీకు జరిగింది అన్యాయమేనని ఎవరో ఒకరు మీతో స్పష్టంగా చెప్పాలి. అందుకే నేను చెబుతున్నాను.

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో ఇలాంటి తండ్రీకొడుకులు ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆయన చేతిలో తయారైన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో సభ్యుడే అయినా, తండ్రి కోచ్‌గా ఉన్న ఆ పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కారణం ఏదైనా, తండ్రి నిర్ణయించే జట్టులో బెంచీ మీద కూర్చోవడం ఏ కొడుక్కీ తేలిక కాదు. ఆ తర్వాత హకీం ఆటను వదలలేదు. అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్ అయ్యారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. మీరూ అలా ఆటలోకి తిరిగి వెళ్లాలని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆటకూ మీకూ మధ్య ఏం ఉండాలన్నది తేల్చుకోవలసింది మీరే, శిష్యులు కాదు.

మీ అమ్మగారి సంగతి నిదానంగా చూడాలి. మీ ఉత్తరంలో ఆమె డబ్బు ఇచ్చే మనిషిగానే కనిపిస్తున్నారు. గాజులు ఇచ్చింది ఆవిడ. సెలవుల్లో క్యాంపు పెడితే ఆ పిల్లలకు గుడ్లు ఉడకబెట్టింది, మట్టి కొట్టుకుపోయిన జెర్సీలు ఉతికింది కూడా ఆవిడే అయి ఉంటారని ఊహిస్తున్నాను. ఆ జట్టు సగం ఆవిడ కష్టం. కానీ రేపు విగ్రహం కింద ఆవిడ పేరు ఉండదు. ఈ ఐదు లక్షలు ఆవిడ దృష్టిలో దానం కాదు, తన జీవితం వృథా కాలేదని చెప్పుకునే ఆధారం. మీరు 'వద్దు' అన్నప్పుడు ఆవిడకు డబ్బు మాట వినిపించి ఉండదు, ఆ ఏళ్లన్నీ దండగ అని కొడుకు తీర్పు చెప్పినట్టు వినిపించి ఉంటుంది. కనుక లెక్కలు తీయకముందు, ఆ క్యాంపుల రోజుల గురించి ఆవిడను అడగండి, అడ్డురాకుండా వినండి. మీకు జరిగిన అన్యాయాన్ని కూడా అప్పుడే, ఆరోపణలా కాకుండా చెప్పండి. ఆ రోజు ఆవిడ మీ తరఫున ఆయనతో గొడవపడి ఉండవచ్చు, మీకు తెలియకపోవచ్చు.

ఇక డబ్బు. నాన్నగారు వీలునామా రాయకపోతే, మీది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమైతే, ఆయన సొంత సొమ్ములో అమ్మగారికీ మీకూ చెల్లెలికీ సమాన వాటాలు ఉంటాయి. నాయనమ్మ జీవించి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. నామినీగా అమ్మగారి పేరు ఉన్నంత మాత్రాన ఆ సొమ్మంతా ఆవిడదే అయిపోదు. బ్యాంకు ఖాతాల విషయంలో 2010లో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. ఫ్యామిలీ పింఛను మాత్రం పూర్తిగా ఆవిడది, అందులో మీకు మాట లేదు. ఆయన చేసిన అప్పు కూడా ఆయన వదిలి వెళ్లిన ఆస్తి నుంచే ముందుగా తీరాలి గనుక, దాన్ని ఇన్నాళ్లూ మీ జీతంలోంచి కట్టడం మంచితనమే తప్ప బాధ్యత కాదు. అప్పు తీర్చగా మిగిలిన దానిలో తన వాటాను అమ్మగారు టోర్నమెంటుకు ఇస్తే ఆపే హక్కు మీకు లేదు, ఆపకండి కూడా. మీ వాటా ఇవ్వకపోతే అది తప్పూ కాదు.

శిష్యులతో మాట్లాడేటప్పుడు విగ్రహం గురించి గట్టిగానే చెప్పండి. రోడ్ల మీద, ప్రజలు వాడే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతులు ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013లోనే రాష్ట్రాలను ఆదేశించింది. ఊరి సెంటర్లో పెడితే రేపు తీసేయమని నోటీసు రావచ్చు, అప్పుడు అవమానం మీ అమ్మగారిది. చట్టం సంగతి పక్కన పెట్టినా, జీవితమంతా పద్దెనిమిది మీటర్ల కోర్టుకు సున్నం గీసిన మనిషికి కంచు బొమ్మ ఎందుకో నాకు అర్థం కాదు. ఆ డబ్బుతో బడి మైదానానికి ఫ్లడ్ లైట్లు, మంచి నెట్లు, ఆడపిల్లల జట్టుకు ఒక శిక్షకురాలు సమకూరుతారు. మైదానం బడిది గనుక హెడ్మాస్టరు నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. చందాలు ఎవరి సొంత ఖాతాలోనూ, ముఖ్యంగా అమ్మగారి ఖాతాలో, పడకూడదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో సంఘం నమోదు చేయించి, దాని పేరుతోనే ఖాతా తెరవమనండి. ఏటా లెక్కలు చూపించే పని శిష్యులదే. అమ్మగారిని గౌరవాధ్యక్షురాలిని చేయవచ్చు, సంతకాల బాధ్యత మాత్రం పెట్టవద్దు.

ఆ శిష్యుల్లో మీ వయసువాడు, ఆనాటి సెలక్షన్‌కు వెళ్లినవాడు ఒకడు ఉండే ఉంటాడు. వేదిక మీద కాదు, విడిగా అతన్ని కలిసి, ఆ రోజు మాస్టారు ఏమన్నారో అడగండి. మీకు ఊరటనిచ్చే మాట వినిపించవచ్చు, వినిపించకపోవచ్చు. రెంటికీ సిద్ధపడి వెళ్లండి. సంక్రాంతి నాడు మైకు అందుకోవలసిన అవసరం మీకు లేదు. బలవంతపెడితే, మా అమ్మ గాజులతో ఈ జట్టు రైలెక్కిందని చెప్పి దిగిపోండి, అది అబద్ధం కాదు.

నిద్ర పట్టకపోవడం, పని మీద ధ్యాస నిలవకపోవడం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. శిష్యులకు జవాబు చెప్పకముందే చెల్లెలిని పిలిపించి, ముగ్గురూ కూర్చుని అప్పు ఎంత మిగిలిందో కాగితం మీద రాసుకోండి. ఆ అంకె చూడకుండా అమ్మగారు మాటిచ్చి ఉంటారని నాకు అనిపిస్తోంది.